చెయ్యి ముందు నడిచింది, చెవి వెనకబడింది

ప్రశ్న: నమస్కారం మేడమ్. నా వయసు 31. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగేళ్లుగా కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్నాను. గురువుగారు చెన్నైలో ఉంటారు, వారానికి రెండు ఆన్‌లైన్ క్లాసులు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు అయ్యాయి. ఆరు వర్ణాలు (కృతులకి ముందు నేర్పే రచనలు) రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో, తప్పు లేకుండా వాయిస్తాను. రోజూ గంటన్నర సాధన. కానీ ఇప్పుడు కృతుల్లోకి వచ్చి, మోహన రాగంలో రెండు ఆవర్తాలు (తాళం రెండు చుట్లు) కల్పన స్వరం, అంటే అప్పటికప్పుడు సొంతంగా అల్లే స్వరాలు, వెయ్యమంటే బుర్ర ఖాళీ అయిపోతోంది. చెయ్యి ఆడదు. మా ఆఫీసులో ఒకతను ఎక్కడా నేర్చుకోలేదు, ఏ పాటైనా విని కీబోర్డు మీద వాయించేస్తాడు, మధ్యలో సొంతంగా ఏవేవో కలుపుతాడు. మొన్న ఆఫీసు ఫంక్షన్‌లో అందరూ అతని చుట్టూ చేరారు. నేను వర్ణం వాయిస్తే మర్యాదకి చప్పట్లు కొట్టారు. ఇలా సొంతంగా అల్లడాన్నే మనోధర్మం అంటారు. గురువుగారిని అడిగితే "మనోధర్మం దానంతట అదే వస్తుంది, సాధన చెయ్యమ్మా" అంటారు. నాలో సృజన లేదా? నాలుగేళ్లూ చేసింది వేళ్ల కసరత్తేనా? గురువుని మార్చాలా? కొత్త వయొలిన్ కొంటే ఏమైనా తేడా వస్తుందా? (ఒక పాఠకురాలు, మియాపూర్)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "బుర్ర ఖాళీ అయిపోతోంది" అన్న మాట నాకు బాగా పరిచయం. వర్ణాలు శుభ్రంగా వాయిస్తూ నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో చాలామంది మొదటి రోజు ఇదే మాట చెప్పారు. మీలో సృజన లేదనడానికి ఉత్తరంలో నాకు ఒక్క ఆధారం కూడా దొరకలేదు. నాకు కనిపించింది వేరు. ఈ నాలుగేళ్లలో పుస్తకంలో లేని ఒక్క స్వరం కూడా మిమ్మల్ని ఎవరూ వాయించమనలేదు. ప్రతిదీ రాసి ఉంది. కన్ను చూసింది, వేలు వెళ్లింది. ఒకరోజు హఠాత్తుగా పుస్తకం మూసి "ఇప్పుడు నీ స్వరం వెయ్యి" అన్నారు. చెయ్యి ఆగిపోకపోతే ఆశ్చర్యం గానీ, ఆగిపోవడంలో వింతేముంది?

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఇవాళ సాయంత్రం వయొలిన్ పెట్టె తెరవకండి. ఫోన్లో తంబూరా పెట్టుకుని, తొడ మీద ఆది తాళం వేస్తూ, మోహనంలో నోటికి వచ్చిన స్వరాలు పాడండి. గొంతు బాగుందా లేదా అన్నది లెక్క కాదు, బాత్రూమ్‌లో పాడుకునే గొంతు చాలు. ఒక్క ఆవర్తం. నోరు కదిలి నాలుగు స్వరాలైనా వస్తే మీలో ఊహ ఉన్నట్టే, దానికీ వేళ్లకీ మధ్య దారి పడలేదు, అంతే. నోరు కూడా మొరాయిస్తే, రాగం ఇంకా మీ చెవిలో స్థిరపడలేదు, వేళ్లలో మాత్రమే ఉంది. రెండింటికీ వైద్యం వేరు. ఏది మీదో ముందు తెలుసుకోవాలి.

వయొలిన్ నేర్చుకునేవాళ్లలో చాలామంది పాడరు. సిగ్గు. "నాది వాద్యం కదా" అంటారు. నా అనుభవంలో అక్కడే దెబ్బ తగులుతుంది. వీణకి మెట్లున్నాయి, కీబోర్డుకి మీటలున్నాయి. వయొలిన్‌కి అలాంటివేమీ లేవు. గాంధారం (గ) ఎక్కడుందో తీగ చెప్పదు, మీ చెవి చెప్పాలి. మీరు ఇన్నాళ్లూ శ్రుతి తప్పకుండా వాయిస్తున్నారంటే మీ చెవి పనిచేస్తూనే ఉంది. కాకపోతే దానికి ఒకటే ఉద్యోగం ఇచ్చారు, తప్పు పట్టుకోవడం. ముందుకు దారి చూపించే పని దానికి ఎప్పుడూ అప్పగించలేదు.

మీ ఆఫీసు అబ్బాయి సంగతి కూడా ఇదే. ఎక్కడా నేర్చుకోలేదని మీరు రాశారు. క్లాసుకి వెళ్లలేదేమో గానీ, నేర్చుకోకుండా ఉండడు. ఏళ్ల తరబడి పాట వినడం, మీట నొక్కడం, తప్పు పడితే పక్క మీట నొక్కడం, మళ్లీ వినడం. అదీ సాధనే. అతను ముందు చెవి పెంచుకున్నాడు, మీరు ముందు చెయ్యి పెంచుకున్నారు. అతను ఒక వర్ణం రెండు కాలాల్లో నిలకడగా వాయించాలంటే మీరు పడ్డ శ్రమ అంతా పడాలి. మీరు ఒక పాట విని నేరుగా వాయించాలంటే అతను పడ్డ శ్రమ పడాలి. అతని మీద అసూయ పడకండి, వీలైతే పక్కన కూర్చోండి. అతను ఒక లైను వాయిస్తే మీరు విని వయొలిన్ మీద పట్టుకోండి. మీ ఇద్దరికీ లాభమే. చప్పట్ల గురించి మాత్రం నాదొకటే మాట: ఆఫీసు ఫంక్షన్‌లో వర్ణానికి వచ్చిన చప్పట్లతో మీ విద్యని తూచుకోకండి.

మాండొలిన్ శ్రీనివాస్ గారి చదువు ఎలా సాగిందో మీకు చెప్పాలి. 1969లో పాలకొల్లులో పుట్టారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకి మాండొలిన్ వాయించడం రాదు! అందుకని ఆయన పాడేవారు, పిల్లవాడు విని, ఆ పాట తన వాద్యం మీద ఎక్కడుందో వెతుక్కునేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేరు. గొంతులో విన్న గమకం (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం) తీగ మీద పలకాలి, ఎలా పలికించాలన్నది తనే కనిపెట్టుకోవాలి. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేసేనాటికి ఇంకా చిన్న కుర్రాడే. మామూలు మాండొలిన్‌కి జంటలు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. వాటి మీద మన గమకం సాగదు. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, దాన్ని ఐదు ఒంటి తీగల వాద్యంగా మార్చుకున్నారు. చెవికి కావలసింది ముందు వచ్చింది, దాన్ని అందుకోవడానికి టెక్నిక్ వచ్చింది, చివరికి వాద్యమే మారింది. "ముందు టెక్నిక్ పూర్తి చేసి, తర్వాత సృజన" అనే వరస ఆయన చదువులో ఎక్కడా లేదు. రెండూ ఒకే గంటలో, ఒకే పాఠంలో జరిగాయి.

ఇక మీ వర్ణాల దగ్గరికి వద్దాం. మీ జవాబు అక్కడే ఉంది, నాలుగేళ్లుగా మీ పుస్తకంలోనే ఉంది.

వర్ణంలో చరణం గుర్తుతెచ్చుకోండి. ఒక లైను ఉంటుంది. అది వాయించి, ఒక స్వరం (అంటే ఇక్కడ ఒక స్వరాల వరస) వాయించి, మళ్లీ ఆ లైనుకి వస్తారు. ఇంకో స్వరం, మళ్లీ అదే లైను. ఆది తాళ వర్ణాల్లో సాధారణంగా మొదటి స్వరం దీర్ఘాలతో నిదానంగా ఉంటుంది, తర్వాతవి నిండుగా, పొడుగ్గా పెరుగుతాయి. ఇది దేనికి నమూనా? కల్పన స్వరానికే కదా! ఒక లైను దగ్గర బయలుదేరి, రాగంలో తిరిగి, తాళం తప్పకుండా అదే లైనుకి చేరడం. "ఈ లైనుకి నేను ఎన్ని దారుల్లో తిరిగి రాగలను" అన్న ప్రశ్నకి ఆ వాగ్గేయకారుడు వేసిన జవాబులు అవి. మీరు వాటిని వేలాది సార్లు వాయించి ఉంటారు. అవి జవాబులని మాత్రం మీకు ఎవరూ చెప్పలేదు.

కాబట్టి ఈ వారం మోహనంలో 'నిన్ను కోరి' తీసుకోండి. చరణం లైను, మొదటి స్వరం, మళ్లీ లైను. ఇలా పుస్తకంలో ఉన్నవన్నీ అయ్యాక ఆగకండి. ఇంకొకటి మీరు కట్టండి. రాసుకోవద్దు, పాడి కట్టండి. మొదటి స్వరాన్నే తీసుకుని దాని చివరి నాలుగు స్వరాలు మార్చినా చాలు. చరణం ఏ స్వరంతో ఎత్తుకుంటుందో చూసుకుని, దాని ముందు ఏ స్వరం పడితే సాఫీగా దిగుతుందో వెతకండి. కిందనుంచి ఎక్కి రావచ్చు, పైనుంచి దిగి రావచ్చు. గాంధారం మీద దిగాలనుకోండి. "స రి" అని వచ్చి గాంధారం పట్టుకుంటే ఒక రుచి, "ద ప" అని దిగి పట్టుకుంటే ఇంకో రుచి. రెండూ పది పదిసార్లు పాడి చూడండి. మీకు ఒకటి ఎక్కువ నచ్చుతుంది. ఆ నచ్చడమే మీ మనోధర్మానికి మొదటి ముక్క. దానికి ఇంతకన్నా పెద్ద రహస్యం ఉంటుందని నేను నమ్మను.

ఇంకా కింది మెట్టు కావాలంటే సరళీ స్వరాలకే వెళ్దాం. మాయామాళవగౌళలో మొదటి వరస "స రి గ మ ప ద ని స". ఎనిమిది స్వరాలు, ఆది తాళంలో ఎనిమిది అక్షరాలు. సరిగ్గా సరిపోతుంది, ఆలోచించే పని లేదు. అదే వరస మోహనంలో వాయించండి. మధ్యమం (మ) లేదు, నిషాదం (ని) లేదు. "స రి గ ప ద స" అని తారస్థాయి షడ్జానికి చేరేసరికి ఆరు అక్షరాలే అవుతాయి. తాళంలో ఇంకా రెండు మిగిలాయి. ఏం చేస్తారు? పై షడ్జాన్ని మూడు అక్షరాలూ నిలుపుతారా? "స రి గ ప ద స ద ప" అని వెనక్కి తిరుగుతారా? గాంధారం మీద ఒక అక్షరం ఆగి, పై షడ్జం మీద ఇంకొకటి ఆగుతారా? నా క్లాసులో పిల్లలకి ఇది ఇస్తే ముందు బిక్కమొహం వేస్తారు, పావుగంటకి ఒకరి మీద ఒకరు పోటీగా చెబుతారు. మొదటి కాలంలోనే చెయ్యండి, అక్షరానికి ఒక్క స్వరం. ఒక్క ఆవర్తం కుదిరాక రెండు. అక్కడికి వచ్చాక మీ గురువుగారు అడిగిన రెండు ఆవర్తాలు అయిపోయినట్టే. స్వరాన్ని ముగించే ముక్తాయింపు లెక్కలు, మూడుసార్లు వచ్చే ఐదులూ ఏడులూ ఇప్పుడే వద్దు. అవి లెక్కలు. లెక్క వెనకాల పరిగెత్తితే రాగం జారిపోతుంది.

మరీ ఎక్కువ దారులు కనిపించి టెన్షన్ వస్తే, స్వరాలు తగ్గించుకోండి. ఒక రోజంతా రిషభం, గాంధారం, పంచమం, ఈ మూడే. వాటిలో ఎంతసేపు తిరగగలరో చూడండి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు లవంగి, మహతి లాంటి రాగాలను నాలుగే స్వరాలతో కట్టారు. నాలుగు స్వరాల్లో రాగం నిలబెట్టాలంటే ఒక్కో స్వరాన్నీ ఎంత దగ్గరగా విని ఉండాలి! ఆయన ఇంకా కుర్రవాడిగా ఉన్నప్పుడే 72 మేళకర్త (మూల) రాగాల్లోనూ కృతులు రాశారు. ఆ వెనక పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర నేర్చుకున్న గట్టి పాఠం ఉంది. కొత్త దారి తొక్కడం గురించి మాట్లాడేవాళ్లు ఆయన పేరు చెబుతారు గానీ, ఆ పాఠం సంగతి మర్చిపోతారు.

నాకూ మీలాంటి రోజే ఒకటి వచ్చింది. ఇరవయ్యో ఏట, దసరాల్లో గుడి మండపంలో కచేరీ. కల్పన స్వరాలు నాలుగు ఆవర్తాలు ముందే రాసుకుని, బట్టీ పట్టి వెళ్లాను. మొదటి రెండూ చక్కగా వచ్చాయి. మూడోదాని మధ్యలో ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ఆ చప్పుడుకి నేను పట్టుకున్న తాడు తెగింది. తర్వాత ఏ స్వరమో గుర్తు రాలేదు. కమాను తీగ మీదే ఉంది, కదలడం లేదు. మృదంగం ఆగలేదు, తాళం వెళ్లిపోతోంది. అరచేతిలో చెమట. ముందు వరసలో చాప మీద కూర్చున్న మా గురువుగారు తల ఎత్తకుండా, నాకు మాత్రమే వినపడేంత మెల్లగా "గా..." అన్నారు. నేను గాంధారం పట్టుకున్నాను. వదలడానికి భయమేసి దాన్నే సాగదీశాను, దాదాపు ఒక ఆవర్తం. ఆ గాంధారం సాగుతున్నప్పుడే మొదటిసారి దాన్ని నిజంగా విన్నాను. పక్కనే రిషభం ఉందని గుర్తొచ్చింది, దిగాను, షడ్జం తాకాను, మళ్లీ గాంధారానికి వచ్చాను, లైను ఎత్తుకున్నాను. ఇంటికొచ్చాక తిట్లు తప్పవనుకున్నాను. ఆయన కాఫీ తాగుతూ, "ఇవాళ రాసుకున్నవి రెండు వాయించావు, నీది ఒకటి వాయించావు. రేపట్నుంచి రాసుకోకు" అన్నారు. అంతే. మర్నాటి నుంచి పాఠం మారిపోయింది. ఆయన ఒకటి పాడేవారు, నేను వాయించేదాన్ని. తర్వాత నేనొకటి పాడి వాయించాలి. ఆయన నాకు నేర్పిన వాటిలో నేను ఎక్కువ వాడుకున్నది ఆ పద్ధతే.

ఇక వేళ్ల కసరత్తు అన్న మాట. అది నాకు కొంచెం బాధ కలిగించింది. జంట స్వరాలు ఎందుకు పెట్టారంటారు? రెండో స్వరం మీద ఊనిక రావాలని. "స స రి రి" లో రెండో షడ్జాన్ని నొక్కి పలికించడం మీ చేతికి రాకపోతే, రేపు మీ ఊహలో ఒక జంట ప్రయోగం మెరిసినా తీగ మీద చదునుగా పడుతుంది. దాటు స్వరాలు చెయ్యనివాళ్లకి గాంధారం నుంచి ధైవతానికి దూకాలన్న ఆలోచనే రాదు. చేతికి అందనిది మనసుకీ తట్టదు చాలాసార్లు. మీ నాలుగేళ్లూ ఎక్కడికీ పోలేదు. అది బియ్యం నిండిన డబ్బా లాంటిది. ఇన్నాళ్లూ పొయ్యి వెలిగించలేదు, అంతే.

కానీ సాధన వరస మార్చాలి. మీరు గంటన్నర చేస్తున్నారు కదా, అందులో స్పీడు కోసం చేసేది సగానికి సగం తగ్గించండి. మొదటి పది నిమిషాలు తంబూరాతో మోహన స్వరాలు ఒక్కొక్కటే, ఒక్కో కమానుకి ఒక్కటి, పొడుగ్గా. గాంధారం నిండుగా ఉందా, ధైవతం వణుకుతోందా, వినండి. తర్వాత పాడి వాయించడం: నాలుగు స్వరాలు పాడండి, అవే వాయించండి. పాడనిది వాయించకండి. ఇది కనీసం అరగంట. ఇలా చేస్తుంటే ఎక్కడో ఒకచోట నోటికి వచ్చింది వేలికి రాదు. "ద స రి గ" అని పై స్థాయికి ఎగబాకాలనిపిస్తుంది, చెయ్యి జారే చోట శ్రుతి పోతుంది. అప్పుడు ఆగండి. ఆ నాలుగు స్వరాల మీదే అలంకారంలా వరస కట్టి, మూడు కాలాల్లో చెయ్యండి. మీకు కావలసిన టెక్నిక్ ఏదో మీ ఊహే చూపిస్తుంది. కావాలనిపించినప్పుడు చేసిన సాధన త్వరగా చేతికి పడుతుంది. ఇది నేను పిల్లల్లోనూ చూశాను, పెద్దల్లోనూ చూశాను.

వారానికి ఒక పాట పుస్తకం లేకుండా పట్టుకోండి. మీ అమ్మమ్మ గారి మంగళహారతి, బతుకమ్మ పాట, లాలిపాట, సినిమా పాట, ఏదైనా సరే. స్వరాలు ఇంటర్నెట్‌లో వెతకవద్దు. మొదటి స్వరం ఏదో చెవితోనే తేల్చుకోండి. మొదటి పాటకి వారం పడుతుంది, పదో పాటకి సాయంత్రం చాలు. సినిమా పాట వాయిస్తే శాస్త్రీయం పాడైపోతుందని కొందరు భయపెడతారు. శ్రుతి మీదా, పలుకు మీదా శ్రద్ధ ఉన్నంతవరకు ఏ పాటా మీ చేతిని పాడుచెయ్యదు.

గురువుగారిని మార్చకండి. ఆరు వర్ణాలు శుభ్రంగా చేతికి పట్టించిన గురువు తేలిగ్గా దొరకరు. "దానంతట అదే వస్తుంది" అన్న మాట ఆయన అబద్ధం చెప్పడం కాదు. ఆయనకి బహుశా అలాగే వచ్చి ఉంటుంది. చిన్నప్పటి నుంచి ఇంట్లోనో గురుకులంలోనో రోజంతా సంగీతం చెవిన పడినవాళ్లకి అది ఎప్పుడు వచ్చిందో తెలియదు. వారానికి రెండు గంటలు స్క్రీన్ మీద నేర్చుకునేవాళ్లకి అడిగి తెచ్చుకోవాలి. అడిగే పద్ధతిలో అడగండి. "నాకు మనోధర్మం నేర్పండి" అంటే ఆయన మాత్రం ఎక్కడ మొదలుపెడతారు? "గురువుగారూ, ప్రతి క్లాసు చివర పది నిమిషాలు మీరొక చిన్న స్వరం పాడండి, నేను విని వాయిస్తాను. తర్వాత నేను ఒకటి వేస్తాను, మీరు దిద్దండి" అనండి. ఆన్‌లైన్‌లో ఇద్దరూ కలిసి వాయించడం కుదరదు, శబ్దం ఆలస్యంగా చేరుతుంది. ఒకరి తర్వాత ఒకరైతే ఆ ఇబ్బంది లేదు. ఆయన ముందు తప్పు స్వరం వెయ్యడానికి సిగ్గుపడకండి. మోహనంలో పొరపాటున నిషాదం పడితే ఆకాశం విరిగిపడదు, ఆయన "ఊహూ" అంటారు, మీకు మోహనం ఇంకొంచెం అర్థమవుతుంది.

వయసు గురించి మీరు అడగలేదు గానీ, 31 అని మొదటి లైన్లోనే రాశారు, అందుకే చెబుతున్నాను. చిన్నపిల్లలకి వేళ్లు తొందరగా తిరుగుతాయి. పెద్దవాళ్లకి ఏది ఎందుకు చేస్తున్నారో అర్థం అవుతుంది. మనోధర్మంలో ఆ అర్థం చాలా పనికొస్తుంది.

కొత్త వయొలిన్ ఇప్పుడు వద్దు. మీ కమాను వెంట్రుకలు ఎప్పుడు మార్పించారో చూసుకోండి. నాలుగేళ్లుగా అవే అయితే ముందు అవి మార్పించండి, తీగలు కొత్తవి వేయించండి. నాదంలో తేడా మీకే వినిపిస్తుంది. మిగిలిన డబ్బు కచేరీలకి ఖర్చుపెట్టండి. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనలు మన ఊళ్లలో చాలాచోట్ల జరుగుతాయి, వాటికి టికెట్ కూడా ఉండదు. వెళ్లి ముందు వరసలో కూర్చోండి. గాయకులు కల్పన స్వరం మొదలుపెట్టగానే తాళం వేస్తూ, వాళ్లు లైనుకి ఎలా తిరిగి వస్తున్నారో ఒక్కటే గమనించండి. కిందనుంచా, పైనుంచా? దిగే ముందు ఆగారా, ఆగకుండా వచ్చేశారా? పక్కన వయొలిన్ విద్వాంసులు అదే ప్రశ్నకి ఏ జవాబిచ్చారు? మీ వయొలిన్ మాత్రం ఆ రోజు ఇంట్లోనే ఉంచి వెళ్లండి. తాళం వెయ్యడానికి చెయ్యి ఖాళీగా ఉండాలి.